షూనేము గదిలోని నాలుగు వస్తువులు
కొత్త ఇల్లు, వాడిన సామాను: ఒక వాక్య ధ్యానం

చదవవలసిన వాక్య భాగాలు: 2 రాజులు 4:8-10, నిర్గమకాండము 12:35-36, 35:20-29, సామెతలు 20:14, ద్వితీయోపదేశకాండము 22:8



అమెరికాలో మన సహవాస కుటుంబాలు ఒక్కొక్కటిగా సొంత ఇళ్ళలోకి మారుతున్నాయి. ఇందుకు దేవునికి స్తోత్రం. అయితే క్లోజింగ్ అయిపోయి తాళాలు చేతికి వచ్చిన రోజు కృతజ్ఞతా ప్రార్థన ముగిసీ ముగియకముందే మరో భారం మొదలవుతుంది. రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో కిక్కిరిసి ఉన్న సామాను కొత్త ఇంట్లో ఒక మూలకు కూడా చాలదు. గృహ ప్రతిష్ఠకు తేదీ పెట్టేశాం, చర్చి అంతా వస్తుంది, ఇండియా నుంచి అమ్మానాన్నలు వీడియో కాల్‌లో ప్రతి గదీ చూస్తారు. ఖాళీ గది కనబడితే ఏమనుకుంటారో అని మనసులో ఒక గుబులు.

అప్పుడు ఫర్నిచర్ షాపువారు ఒక కార్డు చూపిస్తారు: 12 నెలల వరకు వడ్డీ లేదు. చాలామంది చదవని షరతు దాని కిందే ఉంటుంది. ఇలాంటి పథకాల్లో చాలావాటికి, గడువు లోపల మొత్తం బాకీ తీరకపోతే కొన్న రోజు నుంచి లెక్కగట్టి వడ్డీ అంతా ఒకేసారి వేస్తారు. కొందరైతే క్లోజింగ్‌కు ముందే సోఫాలు అప్పు మీద తీసుకుంటారు. లోన్ ఇచ్చే సంస్థ చివరి రోజుల్లో మరోసారి క్రెడిట్ చూస్తుంది కాబట్టి ఇంటికే ఎసరు రావచ్చు.

ఇంకో దారి కూడా ఉంది. ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్, ఇండియాకు తిరిగి వెళ్ళేవారి మూవింగ్ సేల్స్, థ్రిఫ్ట్ స్టోర్లు, ఎస్టేట్ సేల్స్. కొందరికి ఆ మాట ఎత్తితేనే నామోషీ. కొందరికి భయం. మరికొందరికి అదొక ఆట, ఎంత తక్కువకు కొడితే అంత గొప్ప. ఈ ముగ్గురితోనూ దేవుని వాక్యం మాట్లాడుతుంది.

1. ఇల్లు ఎవరి కోసం అమర్చుకుంటున్నాం?

2 రాజులు 4వ అధ్యాయంలో షూనేము స్త్రీని గమనించండి. ఆమె ధనవంతురాలు, ఊరిలో పేరున్న మనిషి. ఎలీషా ఆ దారిన వస్తూ పోతూ ఉండడం చూసి ఆయన కోసం మేడ మీద ఒక చిన్న గది కట్టిద్దామని భర్తతో చెప్పింది. ఆ గదిలో ఏమేమి పెట్టారో లేఖనం లెక్కపెట్టి చెబుతుంది. మంచం, బల్ల, కూర్చోవడానికి పీట, దీపం. అంతే, నాలుగు వస్తువులు.

ఆమెకు ఇంకా ఎక్కువ పెట్టే స్తోమత ఉంది. కానీ ఒక దైవజనుడు అలసిపోయి వస్తే ఏమి కావాలో ఆలోచించి అవి మాత్రమే పెట్టింది. పడుకోవడానికి, తినడానికి లేదా రాసుకోవడానికి, కూర్చోవడానికి, చీకటి పడితే వెలుగుకు. ఆ గది వచ్చేవాని అవసరాన్ని బట్టి అమర్చిన గది. అది కూడా భార్యాభర్తలు ముందు మాట్లాడుకుని చేసిన పని. సోఫా రంగు మీద మాటామాటా పెరిగే ఇళ్ళు మనలో ఉన్నాయి కాబట్టి ఈ చిన్న వివరం మరచిపోవద్దు.

కొత్త ఇంట్లోకి వెళ్ళేవారు ఈ నాలుగింటినే మొదటి నెల పట్టికగా పెట్టుకోవచ్చు. పరుపు కొత్తది కొనండి, మంచం చట్రం వాడినదైనా ఫరవాలేదు. క్వీన్ సైజు పరుపు 60 అంగుళాల వెడల్పు, 80 అంగుళాల పొడవు. కింగ్ అయితే 76 అంగుళాల వెడల్పు, 80 అంగుళాల పొడవు. చట్రం కొనేముందు టేపుతో కొలవండి. బల్ల, కుర్చీలు గట్టి చెక్కవైతే ఇరవై ఏళ్ళనాటివైనా ఇంకో ఇరవై ఏళ్ళు వస్తాయి. పార్టికల్ బోర్డుతో చేసినవి ఒకసారి విప్పి బిగిస్తే మర పట్టు వదిలేస్తాయి, వాటికి ఎక్కువ పెట్టవద్దు. ఇక దీపం. ఇక్కడి చాలా ఇళ్ళలో హాలుకూ పడకగదులకూ పైకప్పు లైట్లు ఉండవు. మొదటి రాత్రి చీకట్లో తడుముకున్నాక గాని ఆ సంగతి తెలియదు. నేల మీద నిలబెట్టే దీపాలు థ్రిఫ్ట్ స్టోర్లలో చవకగా దొరుకుతాయి. ప్లగ్గు, తీగ బాగున్నాయో లేదో చూసుకుంటే చాలు.

మిగిలిన గదులు ఖాళీగా ఉండనివ్వండి. గృహ ప్రతిష్ఠ రోజున ఖాళీ గదిలో దుప్పట్లు పరిస్తే పిల్లలందరూ అక్కడే కూర్చుంటారు. ఒకని జీవం అతని ఆస్తి విస్తారంలో లేదని ప్రభువు హెచ్చరించాడు (లూకా 12:15). ఆ మాట మన ఫ్యామిలీ రూముకు కూడా వర్తిస్తుంది.

2. చేతులు మారిన బంగారం

"దేవుడిచ్చిన ఇంట్లో ఎవరో వాడి వదిలేసినవి పెట్టడమేమిటి?" అని అడిగేవారున్నారు. వారు నిర్గమకాండం ఒకసారి చదవాలి.

ప్రత్యక్ష గుడారపు బంగారం, వెండి, నీలధూమ్ర వర్ణాల నూలు ఎక్కడివి? తరతరాలుగా ఇటుకలు చేసిన బానిసల దగ్గర అంత సంపద ఎలా ఉంటుంది? జవాబు 12వ అధ్యాయంలో ఉంది. బయలుదేరే రాత్రి ఇశ్రాయేలీయులు ఐగుప్తీయులను వెండి నగలు, బంగారు నగలు, వస్త్రాలు అడిగారు. ప్రభువు వారికి దయ కలిగేలా చేశాడు. ఒకప్పుడు ఐగుప్తు స్త్రీల మెడల్లో ఉన్నవి అరణ్యంలో దేవుని నివాసానికి అర్పణలుగా వచ్చాయి. ఇత్తడి గంగాళమైతే సేవ చేసే స్త్రీలు తెచ్చిన అద్దాలతో చేశారని 38:8 చెబుతుంది. నిన్నటి వరకు ముఖం చూసుకున్న ఇత్తడి, నేడు యాజకులు చేతులు కాళ్ళు కడుక్కునే పాత్ర అయింది.

అదే పుస్తకంలో 32వ అధ్యాయం కూడా ఉంది. జనులు చెవిపోగులు తీసి ఇస్తే అహరోను దూడను చేశాడు. అవే చేతులు, అవే నగలు, ఒకచోట దూడ, ఒకచోట గుడారం. వస్తువు ఎవరి దగ్గర నుంచి వచ్చిందన్నది అక్కడ సమస్య కానేకాదు. అది దేని కోసం వాడబడుతోంది అన్నదే ప్రశ్న. వేల డాలర్ల కొత్త డైనింగ్ టేబుల్ మీద గీత పడుతుందని పిల్లల్ని కూర్చోనివ్వకపోతే అది దూడ అయ్యే దారిలో ఉంది. మూవింగ్ సేల్‌లో కొన్న బల్ల చుట్టూ శుక్రవారం రాత్రి పదిమంది కూర్చుని బైబిలు తెరిస్తే అది గుడారపు సామానులో చేరింది.

3. సిగ్గు, భయం

సిగ్గు గురించి ఒక చరిత్ర. 1902లో బోస్టన్‌లో ఎడ్గార్ హెల్మ్స్ అనే మెథడిస్టు పాదిరి, ఉన్నవారి ఇళ్ళ నుంచి వాడిన బట్టలు, సామాను సేకరించి, పనిలేని పేదలకు వాటిని బాగుచేసే పని నేర్పాడు. వారికి జీతమూ దొరికింది, తక్కువ ధరకు వస్తువులూ దొరికాయి. ఈ రోజు ప్రతి ఊళ్ళో కనిపించే గుడ్‌విల్ దుకాణాలకు అదే మొదలు. సాల్వేషన్ ఆర్మీ దుకాణాల ఆదాయం వ్యసనాల నుంచి బయటపడే వారి పునరావాసానికి వెళుతుంది. హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ వారి రీస్టోర్‌లో తలుపులు, కిచెన్ క్యాబినెట్లు, లైట్లు, టైల్స్ కూడా దొరుకుతాయి. ఆ సొమ్ముతో అవసరంలో ఉన్నవారికి ఇళ్ళు కడతారు. ఈ దేశంలో వాడిన వస్తువుల దుకాణం వెనుక క్రైస్తవ పరిచర్య చరిత్ర ఉంది. అక్కడ కొనడానికి విశ్వాసి తల దించుకోవలసిన పనిలేదు.

భయం సంగతి వేరు. ఎస్టేట్ సేల్ అంటే చాలాసార్లు చనిపోయినవారి ఇంటి సామాను అమ్మకం. "పోయినవాళ్ళ మంచం మనకెందుకు, ఏదైనా అంటుకుంటుందేమో" అని మన పెద్దలు ఫోన్లోనే వారిస్తారు. వారి ప్రేమను గౌరవించండి, ఎదురు మాట్లాడవద్దు. కానీ వాక్యం ఏమంటుందో వారికి మెల్లగా చెప్పండి. కొరింథు సంఘంలో ఇలాంటి భయమే అంగడి మాంసం విషయంలో ఉండేది. పౌలు ఇచ్చిన సలహా: అంగడిలో అమ్మేదాన్ని మనస్సాక్షి నిమిత్తం ఏ విచారణా చేయక తీసుకోండి, భూమి, అందులో ఉన్నదంతా ప్రభువుదే (1 కొరింథీ 10:25-26). అదే భాగంలో, ఇది అర్పించబడినదని ఎవరైనా చెబితే ఆ చెప్పినవాని మనస్సాక్షి కోసం మానండి అని కూడా ఉంది. కాబట్టి ఇంట్లో ఒకరికి మనసు ఒప్పకపోతే ఆ మంచం మానేయండి. మంచం కంటే ఆ సహోదరి లేదా ఆ అత్తగారి మనసు ఎక్కువ విలువైనది.

4. బేరంలో సత్యం

సామెతలు 20:14 చదివితే మార్కెట్‌ప్లేస్ గురించే రాశారా అనిపిస్తుంది. కొనేవాడు వస్తువు ముందు నిలబడి బాగోలేదు, బాగోలేదు అంటాడు. తీసుకుని వెళ్ళాక గొప్ప బేరం కొట్టానని చెప్పుకుంటాడు. సొలొమోను కాలం నుంచి ఈ రోజు వరకు కొనేవాడు మారలేదు.

బేరం ఆడడం పాపం కాదు. ఉన్న మంచిని లేదని చెప్పడం అబద్ధం. "ఈ బల్ల బాగుంది, నా దగ్గర 80 డాలర్లే ఉన్నాయి, ఇస్తారా?" అని అడగవచ్చు. పర్సులో 200 పెట్టుకుని "80 మాత్రమే ఉన్నాయి" అనకూడదు. వస్తానని చెప్పి రాకపోవడం, ధర ఒప్పుకుని గుమ్మం దగ్గరకు వచ్చాక తగ్గించమనడం కూడా మాట తప్పడమే. అవునంటే అవును, కాదంటే కాదు అన్న ప్రభువు నియమం చాట్ మెసేజీలకు కూడా వర్తిస్తుంది. ముఖ్యంగా వీసా గడువు ముగిసి, రెండు వారాల్లో దేశం విడిచి వెళ్ళవలసిన కుటుంబం మూవింగ్ సేల్ పెట్టినప్పుడు, వారి తొందర చూసి "ఎలాగూ పారేయాల్సిందేగా" అని నొక్కవద్దు. న్యాయమైన ధర ఇవ్వండి. వీలైతే ఆ సాయంత్రం వారికి భోజనం పట్టుకెళ్ళండి. వారి వంటగది అప్పటికే అట్టపెట్టెల్లో ఉంటుంది.

అమ్మేటప్పుడు న్యాయమైన త్రాసు, న్యాయమైన కొలత అని లేవీయకాండము 19:35-36 ఆజ్ఞాపిస్తుంది. వాషర్ నీళ్ళు కారుతుంటే చెప్పాలి. ఫ్రిజ్ శబ్దం చేస్తే, సోఫా మీద కుక్క పడుకునేదైతే, ఇంట్లో ఎప్పుడైనా నల్లులు వచ్చి ఉంటే చెప్పాలి. ఫొటోలో మచ్చ కనబడకుండా దిండు పెట్టడం తూకపు రాయి మార్చడంలాంటిదే.

మోసగాళ్ళ విషయంలో జాగ్రత్తగా ఉండండి. వస్తువు చూడకముందే అడ్వాన్స్ పంపమనేవారికి, మీ ఫోనుకు వచ్చిన కోడ్ చెప్పమనేవారికి జవాబు ఇవ్వవద్దు. చిన్న వస్తువులైతే నలుగురు తిరిగే చోట తీసుకోండి. చాలా ఊళ్ళలో పోలీస్ స్టేషన్ పార్కింగ్‌లో ఇందుకోసమే చోటు కేటాయించారు. ఇంటికి వెళ్ళవలసి వస్తే ఒంటరిగా వెళ్ళవద్దు.

5. మన ఇంటి పిట్టగోడ

కొత్త ఇల్లు కట్టినప్పుడు పైకప్పుకు పిట్టగోడ కట్టించాలి, ఎవరైనా పడితే ఆ రక్తదోషం ఇంటి మీదకు రాకూడదు అని ద్వితీయోపదేశకాండము 22:8 చెబుతుంది. మన ఇంటికి వచ్చిన మనిషి క్షేమం మన బాధ్యత అని దాని భావం. వాడిన సామాను విషయంలో ఈ ఆజ్ఞ చాలా సూటిగా వర్తిస్తుంది. డబ్బు మిగిలిందని పిల్లల ప్రాణం మీదకు తెచ్చుకోకూడదు.

డ్రెస్సర్లు, పుస్తకాల అరలు: సొరుగులు లాగి వాటి మీద ఎక్కే చిన్నపిల్లల మీద ఇవి బోర్లా పడతాయి. ఇలా పడకుండా ఉండే ప్రమాణాలను తప్పనిసరి చేసే చట్టం 2022 డిసెంబరులో వచ్చింది. 2023 సెప్టెంబరు 1 నుంచి తయారైన డ్రెస్సర్లకు అది వర్తిస్తుంది. మీరు కొనే పాత డ్రెస్సర్ అంతకు ముందుది అయి ఉండవచ్చు. దాన్ని గోడలోపలి చెక్క నిలువుకు పట్టీతో బిగించండి. పని చిన్నదే, ఇంటికి తెచ్చిన రోజే చేయండి.

పసిపిల్లల క్రిబ్: పక్క పలక కిందికి జారే రకాన్ని 2011 జూన్ నుంచి అమ్మకూడదు. ఎవరైనా ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు.

కారు సీటు: దానికి గడువు తేదీ ఉంటుంది, ప్రమాదానికి గురైందో లేదో చూపుతో చెప్పలేం. చరిత్ర పూర్తిగా తెలిసిన దగ్గరివారి నుంచి తప్ప తీసుకోకండి.

పాత రంగు: 1978కి ముందు వేసిన రంగులో సీసం ఉండవచ్చు. అలాంటి పాత చెక్క సామాను పిల్లల గదిలో పెట్టకండి, గరుకు కాగితంతో రుద్దకండి.

రీకాల్: కంపెనీ వెనక్కి పిలిచిన వస్తువును అమ్మడం చట్టవిరుద్ధం. సీపీఎస్సీ అనే ప్రభుత్వ సంస్థ వెబ్‌సైటులో మోడల్ పేరు కొట్టి చూడండి.

నల్లులు: లేవీయకాండము 14వ అధ్యాయంలో ఇంటి గోడకు మచ్చ కనబడితే యాజకుడు రాకముందే సామానంతా బయట పెట్టించి, చూసి, ఏడు రోజులు మూసి మళ్ళీ చూసేవాడు. ఆ ఓపికే ఇక్కడ కావాలి. సోఫా కుట్ల వెంట, సొరుగుల మూలల్లో టార్చిలైటు వేసి చూడండి. నల్లని చుక్కలు, తుప్పురంగు మరకలు కనబడితే ఎంత చవకైనా వదిలేయండి. నల్లులు తిండి లేకుండా నెలల తరబడి బతుకుతాయి కాబట్టి గ్యారేజీలో వారం పెడితే పోతాయనుకోవద్దు. పరదాలు, దిండు గలీబులు వంటివి ఇంట్లోకి తేగానే డ్రైయర్‌లో ఎక్కువ వేడి మీద అరగంట తిప్పండి. రోడ్డు పక్కన వదిలేసిన పరుపులు మాత్రం ముట్టుకోవద్దు.

కరెంటు సామాను: బట్టల డ్రైయర్ గ్యాస్‌దా, కరెంటుదా ముందే అడగండి. పాత వాటికి మూడు కాళ్ళ ప్లగ్ ఉంటుంది, 1990ల చివరి నుంచి కట్టిన ఇళ్ళలో నాలుగు రంధ్రాల సాకెట్ ఉంటుంది. తీగ మార్పించవచ్చు, కానీ ఆ పని తెలిసినవారితో చేయించండి. ఇంట్లోని పొగ అలారాల వెనుక తేదీ కూడా చూడండి. పదేళ్ళు దాటితే కొత్తవి పెట్టాలి, వాటిలో వాడినవి వద్దు.

6. మన చేతి నుంచి ముందుకు

అందుకున్నవారు అందించాలి. రెండు అంగీలు ఉన్నవాడు లేనివానికి ఒకటి ఇవ్వాలని బాప్తిస్మమిచ్చు యోహాను చెప్పాడు (లూకా 3:11). కొత్త సోఫా వచ్చింది కాబట్టి పాతది ఎవరికో వదిలించుకుందాం అనుకునేముందు మలాకీ 1:8 చదవండి. గుడ్డిదాన్ని, కుంటిదాన్ని అర్పణగా తెచ్చినవారితో, మీ అధికారికి దాన్ని ఇచ్చి చూడండి అన్నాడు దేవుడు. మన పాస్టరుగారు మన ఇంటికి వస్తే ఆ కుర్చీ వేస్తామా? వేయలేనిది చదువుకోవడానికి కొత్తగా వచ్చిన విద్యార్థికి ఇవ్వకూడదు. విరిగినది చెత్తలో వేయడానికి డబ్బు కట్టాలి కాబట్టి చర్చి మెట్ల మీద, థ్రిఫ్ట్ స్టోర్ గుమ్మంలో వదిలి వెళ్ళడం దానం అనిపించుకోదు.

పరిగె విషయం కూడా ఆలోచించండి. పొలం మూలలు పూర్తిగా కోయకుండా బీదలకు, పరదేశులకు వదలాలని దేవుడు చెప్పాడు (లేవీయకాండము 19:9-10). ఉచితంగా ఇచ్చే గ్రూపుల్లో మంచి వస్తువులన్నీ ముందుగా పట్టేసి అమ్ముకోవడం, అవసరం ఉన్నవాని పరిగె ఏరుకోవడమే. కొనగలిగిన వారు కొనండి, ఉచితమైనవి లేనివారికి వదలండి.

మన సహవాసాలకు ఒక మనవి. ఏటా ఆగస్టులో మన తెలుగు పిల్లలు రెండు సూట్‌కేసులతో యూనివర్సిటీలకు వస్తారు. చాలామంది మొదటి వారాలు నేల మీదే పడుకుంటారు. అదే వేసవిలో కొన్ని కుటుంబాలు ఇండియాకు తిరిగి వెళతాయి. ఇక్కడ కొన్న మిక్సీ, గ్రైండర్ 120 వోల్టులవి. అక్కడి 230 వోల్టుల్లో నేరుగా పనిచేయవు. వెళ్ళేవారికి అక్కడ అక్కరకు రానిది వచ్చేవారికి ఇక్కడ అవసరం. మధ్యలో ఉండవలసినది సంఘం. ఒక షేర్డ్ షీట్, ఒకరి గ్యారేజీలో ఒక మూల, పికప్ ట్రక్కు ఉన్న ఒక సహోదరుడు, సామాను పరీక్షించి తీసుకునే ఇద్దరు చాలు. గ్యారేజీ నిండితే మోషే చేసినట్టు "ఇక చాలు" అని చెప్పండి (నిర్గమకాండము 36:5-7). సామాను దింపిన రోజున ఆ విద్యార్థి పేరు అడగండి, ఆదివారం ఎక్కించుకోవడానికి ఎన్ని గంటలకు రావాలో అడగండి. మంచం ఇచ్చి మనిషిని మరచిపోతే పని సగమే అయినట్టు.

ముగింపు

ప్రభువు బల్ల మొదట ఎక్కడ ఏర్పాటు అయిందో చూడండి. ఆయనకు సొంత ఇల్లు లేదు. ఎవరో ఒక ఇంటి యజమాని సిద్ధం చేసి ఉంచిన మేడగదిలో, ఆ ఇంటివారి సామాను మధ్య, ఆయన రొట్టె విరిచాడు (మార్కు 14:14-15). ఆ యజమాని పేరు కూడా మనకు తెలియదు. ఆ బల్ల కొత్తదో పాతదో ఎవరూ రాయలేదు. ప్రభువు అడిగినప్పుడు గది సిద్ధంగా ఉందన్నది మాత్రం రాశారు.

ఇంటి కూడికలో మాట్లాడుకోవడానికి

1. మన ఇంట్లో వాడకుండా దాచుకున్న వస్తువు ఏది? దాని అవసరం ఎవరికి ఉంది?
2. పోయినసారి బేరం ఆడినప్పుడు నేను చెప్పిన ప్రతి మాటా నిజమేనా?
3. మా ఇంటికి వచ్చే చిన్నపిల్లలకు ప్రమాదంగా ఉన్న సామాను ఏదైనా ఉందా? ఈ వారమే ఏమి చేస్తాం?
4. షూనేము స్త్రీలా మేము ఎవరి కోసం ఒక మంచం, ఒక బల్ల, ఒక పీట, ఒక దీపం సిద్ధం చేయగలం?

ప్రార్థన: తండ్రీ, పరదేశంలో మాకు ఇల్లు ఇచ్చినందుకు వందనాలు. గదులు నింపాలనే ఆరాటం నుంచి మమ్మల్ని విడిపించు. కొనేటప్పుడు, అమ్మేటప్పుడు మా నోట సత్యం ఉంచు. మా బల్ల దగ్గరకు నీవు పంపేవారిని గుర్తుపట్టే కన్నులు ఇవ్వు. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్.